ఒకవైపే రాయి

జనవరి 9

ఒరేయ్ బోల్టూ,

నలభై దాటినవాణ్ణి ఇంకా బోల్టు అని పిలుస్తున్నానని మీ ఆవిడ నవ్వుకుంటుందేమో, నవ్వుకోనియ్యి. మూడేళ్ళప్పుడు నాన్న పనిముట్ల పెట్టెలోంచి బోల్టు మింగి ఇల్లంతా పరుగులు పెట్టించావు. పెద్దయ్యాక ఆ బోల్టులతోనే ఉద్యోగం సంపాదించుకున్నావు. నీకు ఇంకో పేరు పెట్టడం నా వల్ల కాదు.

నీతో పని పడింది. మా వృత్తి పదాల నిఘంటువు పంతొమ్మిదేళ్ళకి 'స' దగ్గరికి చేరింది. చేరి, 'సాగు' దగ్గర కూలబడింది. రైతుకి సాగు అంటే పంట. దర్జీకి బట్ట సాగిందంటే తలనొప్పి. కంసాలికి బంగారం సాగిందంటే సంతోషం. పాట పాడేవాళ్ళకి గొంతు సాగడం ఒక విద్య. వీటన్నిటికీ వేరువేరు అంకెలు వేసి విడగొట్టమంటారు మా సంపాదకుడు పెద్దాయన. విడిపోవు మొర్రో అంటాను నేను. ఒక పనిలో ఉన్న అర్థం పక్క పనిలోకి కాలు పెడుతూనే ఉంటుంది, ఎక్కడ గీత గీయమంటారు అని నా వాదన. నెలరోజులుగా ఇదే గొడవ. ఆయన టీ కప్పు ఆయన బల్ల మీద, నాది నా బల్ల మీద చల్లారిపోతున్నాయి.

ఇప్పుడు నాకు ఒక లిఫ్టు మెకానిక్కు సాక్ష్యం కావాలి. మీ పనిలో ఆ మాట వాడతారా? ఎవరు, ఎప్పుడు, ఏ గొంతుతో వాడతారు? ఫోన్లో చెబితే మా ఆఫీసులో చెల్లదు. పనిచేసేవాడి చేతిరాతలో, తేదీతో ఉండాలి. ఆ వాక్యాలను నేను కత్తెరతో కత్తిరించి, అట్టకార్డుల మీద అంటించి, ఆయా మాటల సొరుగుల్లో పెడతాను. అందుకని ఒక్కటి గుర్తుపెట్టుకో. కాగితానికి ఒకవైపే రాయి. రెండోవైపు జిగురు పాలు.

ఇక్కడ అంతా మామూలే. ఆఫీసులో సొరుగులు చాలక, పాత కార్డుల పెట్టెలు మా ఇంట్లో కిటికీ వైపు గదిలో పెట్టుకున్నాను. ఆ గదిలోకి ఇప్పుడు నేను అడ్డంగా తిరిగితే తప్ప వెళ్ళలేను.

మీ అక్క

జనవరి 22

కత్తెరక్కకు,

ఉత్తరం అందింది. నా చేతిరాతకి ఇన్నాళ్ళకి ఒక గిరాకీ వచ్చిందని మీ మరదలు ఆశ్చర్యపోయింది. "చీటీలో ఉప్పు అని రాస్తే పప్పు అని చదువుకోవాలి, దాన్ని అచ్చు వేస్తారా?" అంటోంది.

సాగు సంగతి. మా పనిలో ఆ మాట లేనిదే రోజు గడవదు. లిఫ్టు క్యాబిన్ ఉక్కుతాళ్ళ మీద వేలాడుతుంది. కొత్త తాడు సాగుతుంది, అది తప్పు కాదు. మొదటి కొన్ని నెలలు క్యాబిన్ గడపకి వేలెడంత కిందగా ఆగుతుంది. ఎక్కేవాళ్ళు తట్టుకుని మమ్మల్ని తిడతారు. మేం పైన మోటారు గదికి వెళ్ళి బిగిస్తాం. "కొత్తది కదా, సాగుతుందిలే" అంటాం, గట్టిగా, అందరికీ వినబడేట్టు.

తర్వాత ఏళ్ళ తరబడి సాగదు. బుద్ధిమంతురాలిలా ఉంటుంది. ఒకరోజు మళ్ళీ క్యాబిన్ గడపకి కిందగా ఆగుతుంది. ఈసారి "సాగింది" అని అదే మాట గొంతు తగ్గించి అంటాం. జనం లేనప్పుడు, మాలో మేం.

నీ దర్జీకి, నీ కంసాలికి ఇలా రెండు గొంతులున్నాయా? కనుక్కుని రాయి. నాకూ కుతూహలంగా ఉంది.

కాగితానికి ఒకవైపే రాశాను చూడు. నీకు భయపడేవాళ్ళు ఇంకా భూమ్మీద ఉన్నారు.

బోల్టు

ఫిబ్రవరి 3

ఒరేయ్ బోల్టూ,

నువ్వు లిఫ్టుల్లో వృథా అయిపోతున్నావురా. 'గొంతు తగ్గించి అంటాం' అన్న ముక్కని పెద్దాయన చేతిలో పెట్టాను. మూడుసార్లు చదివారు. తర్వాత కళ్ళద్దాలు తుడుచుకుని, "ఇది ఏ అంకె కిందకి వస్తుందమ్మా?" అన్నారు. ఏ అంకె కిందకీ రాదండీ, అన్నిట్లోకీ వస్తుంది అన్నాను. మొహం మాడ్చుకున్నారు. గెలుపు నాదే.

దర్జీకి రెండు గొంతులు లేవు. కనుక్కున్నాను. బట్ట సాగితే ఒకటే గొంతు, అదీ తిట్టే గొంతు. పాట నేర్పే ఆవిడ మాత్రం ఉన్నాయంది. చిన్నపిల్లల గొంతు సాగితే సంతోషిస్తుందట. తన గొంతు సాగితే, అంటే కింద స్థాయికి జారితే, ఎవరికీ చెప్పదట.

ఇంకా కావాలి. తాడు ముసలిదైందని ఎలా కనిపెడతారు? చేత్తోనా, కంటితోనా? దానికి మీరు వాడే మాటలన్నీ రాయి. వాక్యాలుగా రాయి, పట్టికలా కాదు.

మీ ఆవిడని అడిగానని చెప్పు.

అక్క

ఫిబ్రవరి 16

అక్కా,

నువ్వు అడిగినవి రాస్తున్నాను.

తాడుని కంటితో చూస్తే ఏమీ తెలియదు. గుడ్డ పట్టుకుని తాడు మీద జరుపుతాం. లోపల తెగిన సన్నతీగ చివర పైకి లేచి గుడ్డకి పట్టుకుంటుంది. దాన్ని ముల్లు అంటాం. "ముళ్ళు లేచాయి" అంటే తాడుకి వయసైపోతోందని. ఒక మూరలో ఎన్ని ముళ్ళున్నాయో లెక్కపెడతాం. ఇన్నికి మించితే మార్చాలని పుస్తకంలో ఉంటుంది.

తాడు మధ్యలో నూనె పీల్చుకుని ఉండే నారపేటని నరం అంటాం. నరం ఎండిపోతే పైన తీగలు ఒకదానితో ఒకటి ఒరుసుకుంటాయి. అప్పుడు ఎర్రపొడి రాలుతుంది. ముళ్ళకన్నా చెడ్డది ఎర్రపొడి. ముల్లు పైన జరిగినది చెబుతుంది, పొడి లోపల జరిగేది చెబుతుంది.

ఎర్రపొడి కనబడ్డాక సాగిన తాడుని "పోయింది" అంటాం. ఇంకా వేలాడుతూనే ఉంటుంది, జనం ఎక్కుతూ దిగుతూనే ఉంటారు. అయినా పోయిందనే అంటాం.

నీ తమ్ముడు

ఫిబ్రవరి 27

ఒరేయ్ బోల్టూ,

నీ ఉత్తరం బంగారం. తొమ్మిది కార్డులు అయ్యాయి! ముల్లు, నరం, పొడి, గుడ్డ, పోవు... ఆరు సొరుగులు తెరవాల్సి వచ్చింది. జోకులు లేవేమిటా అనుకున్నాను గానీ, లేకపోతేనే మాకు మంచిది, కత్తిరించడం సులువు. పెద్దాయనకి కూడా చూపించాను. ఆయనా నా మాటే అన్నారు.

నువ్వు చేస్తున్నది సరిగ్గా ఉంది. ఏమీ మార్చకు. ఇలాగే కానియ్యి.

ఇక్కడ ఆఫీసు గోడకి సున్నం వేస్తున్నారు. కార్డులన్నిటి మీదా దుప్పట్లు కప్పి కూర్చున్నాం. పదాలకి జ్వరం వచ్చినట్టుంది.

అక్క

మార్చి 15

అక్కా,

ఉత్తరం రెండుసార్లు చదివాను. నువ్వు చెప్పినట్టే చేశాను. అంటే ఏమీ చెయ్యలేదు.

పెద్దాయనకి కూడా చూపించావంటే కొంచెం సిగ్గేసింది. అడిగింది నిన్నొక్కదాన్నే. అయినా చదువుకున్నవాళ్ళు, నాలుగు పనుల సంగతులు తెలిసినవాళ్ళు, మీ ఇద్దరి మాటా ఒకటే అయితే అదే సరైనదై ఉంటుంది.

పని ఎక్కువగా ఉంది. ఇక ఉదాహరణలు రాయలేనేమో. ఏమీ అనుకోకు.

తమ్ముడు

ఏప్రిల్ 2

ఒరేయ్,

ఏమిట్రా ఈ ఉత్తరం? ఏమీ చెయ్యలేదంటే ఏమిటి? చేసేదేముంది, రాయడమే కదా. పెద్దాయనకి చూపిస్తే సిగ్గెందుకు? ఆయన రోజంతా చూసేవి అవే. పొగిడితే ముడుచుకుపోవడం నీకు చిన్నప్పటి జబ్బు. బళ్ళో బహుమతి ఇస్తామంటే కడుపునొప్పి అని ఇంట్లో పడుకున్నావు, గుర్తుందా?

సరే, నీ ఇష్టం. కానీ ఇంకో నాలుగు వాక్యాలు రాస్తే నీ సొమ్మేం పోయింది? 'సాగదీయడం' మీ పనిలో ఉందా? మాటలు సాగదీయడం మాకుంది, పనులు సాగదీయడం అందరికీ ఉంది. తాడుని ఎవరైనా కావాలని సాగదీస్తారా? రెండు ముక్కలు రాయి చాలు.

మీ ఆవిడ కూడా ఫోన్లో ముక్తసరిగా మాట్లాడింది. నా మీద కోపమేమైనా ఉంటే మొహం మీద చెప్పండి. అంతే తప్ప ఇలా మూతి బిగించుకోవద్దు.

అక్క

ఆగస్టు 4

అక్కా,

జవాబు రాయనందుకు ఏమీ అనుకోకు. ఇప్పుడు అవసరం పడి రాస్తున్నాను.

పోయిన నెల పంతొమ్మిదిన మూడో నంబరు లిఫ్టు తాడు తెగింది. తాళ్ళు మూడు, తెగింది ఒకటి. మిగతావి జారాయి. క్యాబిన్ అంతస్తు కన్నా తక్కువే పడింది, సేఫ్టీ బ్రేకు పట్టుకుంది. కానీ ఒక్కసారిగా పట్టుకుంది. లోపల ఒకావిడే ఉంది, ఏడో అంతస్తులో ఫైళ్ళు మోసే ఆవిడ. తుంటి ఎముక విరిగింది. మళ్ళీ నడుస్తుందో లేదో ఇంకా చెప్పలేమంటున్నారు.

లాగ్ బుక్కులో ఫిబ్రవరి నుంచి జూలై దాకా ప్రతినెలా "తాళ్ళు బాగున్నాయి" అని ఉంది. కింద నా సంతకం. సూపర్‌వైజరు తనకి ఏమీ తెలియదంటున్నాడు. మెకానిక్కు తాడు చూడకుండానే సంతకాలు పెట్టాడని కంపెనీ వాళ్ళు రాసుకున్నారు. నేను చూడలేదట! ఇరవై రెండేళ్ళలో గుడ్డ జరపకుండా ఏ తాడు దగ్గర్నుంచీ లేచి రాలేదు నేను. ఏమన్నా పడతాను గానీ ఆ మాట పడలేను.

విచారణ సెప్టెంబరు రెండున. నేను చూశాననడానికి, సూపర్‌వైజరుకు చెప్పాననడానికి, ఈ లోకంలో ఉన్న కాగితం ఒక్కటే. ఫిబ్రవరి పదహారున నీకు రాసిన ఉత్తరం. అది పంపు. నాకు కావాల్సింది వెనకవైపు రాసింది.

నువ్వు ఊరుకోమన్న సంగతి ఎవరికీ చెప్పను. భయపడకు. అడగడం నా తప్పు, చెప్పడం నీ తప్పు కాదు.

తమ్ముడు

ఆగస్టు 11

తమ్ముడూ,

నాలుగుసార్లు ఫోన్ చేశాను. నువ్వు ఎత్తలేదు. మీ ఆవిడ ఎత్తి, "పడుకున్నారు వదినా" అంది. అందుకని రాస్తున్నాను. ఈ ఉత్తరం నిలబడి చదవకు, కూర్చో.

వెనకవైపు ఉందని నాకు తెలియదు.

నేను చదవలేదురా. ఒకవైపే రాయమన్నాను, నువ్వు ఒకవైపే రాస్తున్నావు, కింద 'నీ తమ్ముడు' అని ఉంది. ఉత్తరం అయిపోయిందనుకున్నాను. కత్తెర తీశాను. తొమ్మిది ముక్కలు చేసి, వెనక జిగురు రాసి, కార్డుల మీద అంటించి, బొటనవేలితో గట్టిగా అదిమాను. కాగితం తిప్పకుండానే జిగురు పూసే అలవాటు నాది, చెయ్యి దానంతట అది పోతుంది. 'సరిగ్గా ఉంది, ఏమీ మార్చకు' అని నేను రాసింది నీ వాక్యాల గురించి. నీ ప్రశ్న ఏమిటో నాకు ఈ రోజుకీ తెలియదు.

నీ ఉత్తరం అందిన పూటే ఆఫీసుకు పరిగెత్తాను. ఆరు సొరుగులు. ఎనిమిది కార్డులు దొరికాయి. తొమ్మిదోది నమూనా కోసం అచ్చాఫీసుకు పోయింది. వెళ్ళి, అక్కడి ముసలాయన్ని బతిమాలి తెచ్చాను. పెద్దాయన స్టవ్వు మీద నీళ్ళు మరిగించారు. ఆవిరి పట్టి, పేపరు కత్తితో ఒక్కొక్క ముక్కనీ లేపాను. నువ్వు బాల్‌పెన్నుతో రాశావు కాబట్టి అక్షరాలు నిలిచాయి. ముక్కలన్నీ బోర్లా తిప్పి గాజుపలక కింద వరసగా పేర్చాం.

ఇదీ వచ్చింది:

'రెండో తారీఖున మూడో నంబరు లిఫ్టు తాడు తుడిచాను. గుడ్డకి ఎర్రపొడి అంటింది. ముళ్ళు ఒక మూరలో పదిహేడు. సూపర్‌వైజరుకు చెప్పాను, గుడ్డ కూడా చూపించాను. కొత్త కాంట్రాక్టు వచ్చేదాకా సాగనియ్యి అన్నాడు. బుక్కులో బాగుంది అని రాయమన్నాడు. నేను రాయనన్నాను. రాయకపోతే ఇంకొకడు రాస్తాడన్నాడు. రాశాను. సంతకం నాదే. అప్పట్నుంచి ఆ లిఫ్టు పక్కన నిలబడితే నాకు...'

అక్కడితో ఆగిపోయింది. దాని కింద ఉన్నది 'నీ తమ్ముడు' అన్న ముక్క వెనక. పలకరింపులు, సంతకాలు మాకు పనికిరావు. అవి చెత్తబుట్టలోకి పోతాయి. ఫిబ్రవరి చెత్త ఎక్కడని వెతకను?

ప్రతి కార్డు మీదా మా ఆఫీసు ముద్ర, ఉత్తరం తేదీ, అందిన తేదీ ఉన్నాయి. ఎవరూ కాదనలేరు. పెద్దాయన సాక్ష్యం చెప్పడానికి వస్తానన్నారు. ఆయన ఈ ఊరు దాటి పదేళ్ళయింది.

ఒక సంగతి ఉంది. 'రాశాను, సంతకం నాదే' అన్నది ఒక ముక్క మీద విడిగా ఉంది. అది లేకుండా మిగతా ఎనిమిదీ ఇస్తే, నువ్వు చూశావనీ, చెప్పావనీ, రాయనన్నావనీ మాత్రమే తేలుతుంది. బుక్కులో రాత ఎవరిదో, ఎలా వచ్చిందో వాళ్ళు తేల్చుకోవాలి. ఒక ముక్క పోయిందంటే ఎవరైనా నమ్ముతారు, ఎలాగూ ఒకటి పోయింది. పంతొమ్మిదేళ్ళలో నేను ఏ కార్డూ దాచలేదు. నీ కోసమైతే దాస్తాను. ఈ వాక్యం నేనే రాశానా అని నాకే ఆశ్చర్యంగా ఉంది. తొమ్మిదీ రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను. నీ ఇష్టం.

ఆ పోయిన ముక్క మీద ఏముందో చెప్పు. నన్ను ఏమడిగావురా?

అక్క

సెప్టెంబరు 6

అక్కా,

నీ ఉత్తరం మోటారు గదిలో కూర్చుని చదివాను. చదివి నవ్వాను. ఇన్ని నెలలూ నీ మీద కోపం లేదనే అనుకున్నాను. ఆ రోజు అది పోయింది, పోయాకే అంత కోపం ఉందని తెలిసింది. మా పనిలో ఏ చిన్న ముక్క చేతికొచ్చినా ముందు వెనక్కి తిప్పి చూస్తాం. అందుకే వెనక చూడు అని రాయలేదు. కాగితాన్ని తిప్పకుండా ఉండేవాళ్ళుంటారని నాకు తోచలేదు.

అయితే నిన్ను ఒక్కదాన్నే అనుకుని ఏం లాభం? నువ్వు చదవలేదు సరే, నేను మళ్ళీ అడగలేదుగా. ఫోనుంది, నోరుంది. 'ఏమీ మార్చకు' అని నువ్వు రాయగానే నాకు హాయిగా అనిపించింది. ఆ హాయి కోసమే మళ్ళీ అడగలేదు.

తొమ్మిది ముక్కలూ ఇచ్చాను. విచారణలో ఉన్నాయన భూతద్దం పెట్టి చదివాడు. "ఈ సంతకం ముక్క మీరే ఇస్తున్నారా?" అన్నాడు. "నా ఉత్తరమే కదండీ" అన్నాను. పెద్దాయన ముద్రల గురించి అరగంట చెప్పారు. మనిషి పెన్సిలంత ఉన్నారు గానీ గొంతుకి మాత్రం గది దద్దరిల్లింది. సూపర్‌వైజరు ఉద్యోగం పోయింది. నాదీ పోయింది. లైసెన్సు రెండేళ్ళు ఆపారు. కానీ చూడకుండా సంతకం పెట్టాడన్న మాట కొట్టేశారు. చూసి పెట్టాడు అని రాశారు. అదే నిజం. నిజానికే ఎక్కువ శిక్ష పడుతుందని నాకు తెలుసు. పడనియ్యి.

ఆస్పత్రికి వెళ్ళాను. ఆవిడ మంచం మీద కూర్చుని ఉంది. నేనెవరో చెప్పాను. తిడుతుందనుకున్నాను. "ఆ నెలంతా లిఫ్టు గడపకి కిందగా ఆగుతుంటే మేమందరం అనుకునేవాళ్ళం బాబూ, మెకానిక్కు చూసే ఉంటాడులే అని" అంది. తిట్టినా బాగుండేది.

పోయిన ముక్క మీద ఏముందో అడిగావు. ముందు మామూలుగా సంతకం పెట్టేసి, అది పెట్టాక ధైర్యం వచ్చి, కాగితం తిప్పి రాశాను. చివర రాసింది ఇదీ: 'బిల్డింగు వాళ్ళ దగ్గరికి నేనే వెళ్ళి చెప్పెయ్యనా? చెబితే ఉద్యోగం పోతుంది. నువ్వేమంటే అదే చేస్తాను అక్కా.'

అంతే ఉంది.

బోల్టు

సెప్టెంబరు 15

ఒరేయ్ బోల్టూ,

'సాగు' అచ్చుకి వెళ్ళింది. పెద్దాయన అంకెలన్నీ కొట్టేశారు. పంట, తాడు, బట్ట, బంగారం, గొంతు, పని, అన్నీ ఒకే పేరాలో ఒకదాని పక్కన ఒకటి నడుస్తాయి. రైతు దగ్గర మొదలై నీ దగ్గర ముగుస్తుంది. ఆఖరి ఉదాహరణ నీదే: 'అదే మాట గొంతు తగ్గించి అంటాం.' మా పుస్తకంలో పేర్లు వేయరు, పని మాత్రమే వేస్తారు. కాబట్టి దాని కింద లిఫ్టు మెకానిక్కు అని ఉంటుంది. లైసెన్సు ఆపినా అది ఆపలేరు.

నీ ముక్కలు విచారణ ఫైల్లోనే ఉండిపోతాయట. అడిగారు, సరేనన్నాను. సొరుగుల్లో ఆ తొమ్మిది చోట్లా ఖాళీ కార్డులు పెట్టాను. వాటి మీద ఏమీ రాయలేదు.

ఆఫీసులో కొత్త పద్ధతి ఒకటి పెట్టాను. ఏ ఉత్తరం వచ్చినా కత్తెర తీసే ముందు ఇద్దరు తిప్పి చూడాలి. పని వేగం సగానికి సగం తగ్గిపోయింది. అయినా పెద్దాయనే అందరికన్నా ముందు తిప్పి చూస్తున్నారు.

కాగితం తిప్పు.

అక్క

(వెనకవైపు)

తమ్ముడూ,

ఫిబ్రవరి పదహారున నువ్వు అడిగినదానికి జవాబు.

చెప్పెయ్యి. ఈ పూటే వెళ్ళి చెప్పెయ్యి. ఎవరేమన్నా ఆ లిఫ్టుకి తాళం వేసి, ఆ తాళంచెవి జేబులో వేసుకుని మరీ చెప్పు. ఉద్యోగం పోతే పోనియ్యి. మీ ఆవిణ్ణి తీసుకుని నా దగ్గరికి వచ్చెయ్యి. కార్డుల పెట్టెలన్నీ తీసేశాను, కిటికీ వైపు గది ఖాళీగా ఉంది.